చివరి కప్పు

పక్కింటి పిన్నిగారు పిట్టల కోసం చలికాలమంతా ముద్దలు చేస్తారు. ముందు సన్నని సెగ మీద కొవ్వు కరిగించి, అందులో సజ్జలు, పొద్దుతిరుగుడు గింజలు, ఉప్పు లేని వేరుశనగ పొడి కలుపుతారు. పిడి విరిగిన టీకప్పుల్లో పోసి, మధ్యలో కాజాలు కుట్టే గట్టి దారం నిలబెడతారు. గడ్డకట్టాక కప్పు బోర్లించి తట్టి, పెరట్లో చెట్టుకి వేలాడదీస్తారు.

ఆవిడ బతుకంతా కుట్టుమిషను దగ్గరే గడిచింది. వీధి గదిలో ఆవిడ కుడుతుంటే వాళ్ళాయన గుండీలు వేసేవారట. ఈ వీధిలో పెద్దవాళ్ళందరి కొలతలూ ఆవిడకి ఇప్పటికీ నోటికి వచ్చు. "మీ ఆయన కుడి భుజం కాస్త జారింది, చూసుకున్నావా?" అని మొదటి పరిచయంలోనే నాతో అన్నారు. ఆ రాత్రి చూశాను. నిజమే.

మేము ఈ ఇంట్లో దిగిన కొత్తలో, పొద్దున్నే గోడ అవతల నుంచి ఒక మగ గొంతు వినిపించేది.

"ఏమోయ్, అయిందా?"

బొంగురు గొంతు. చివర చిన్న దగ్గు. వెంటనే పిన్నిగారి జవాబు: "ఇంకా కాలేదు!"

మొగుడూ పెళ్ళాలు అనుకున్నాను. ఒకరోజు గోడ మీదుగా పలకరించి, "బాబాయిగారికి దగ్గు తగ్గడం లేదా?" అన్నాను.

"ఆయన పోయి చాన్నాళ్ళయిందమ్మాయ్," అన్నారావిడ గరిటె తిప్పుతూ. "అదిగో, ఆయన కాదు, అది." చెట్టు కొమ్మ మీద ఒక గోరువంక మెడ వాల్చి నా వైపే చూస్తోంది.

నేను జీవశాస్త్రం చదువుకున్నదాన్ని. గోరువంకలు మనుషుల గొంతును అనుకరిస్తాయి. ముసలి పిట్టల దగ్గర పిల్లపిట్టలు నేర్చుకుంటాయి. అందులో వింతేమీ లేదని నాకు నేను చెప్పుకున్నాను. అయితే పిన్నిగారి చేతిలో పని ఉన్నప్పుడే అది అడిగేది. ఆవిడ ఊరికే కూర్చున్నప్పుడు ఒక్కసారి కూడా అడగగా వినలేదు.

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వాడు. "బాగుందే! అక్కడ పిట్టలక్కూడా మాటలొస్తున్నాయి. మన బుడ్డిదాన్ని ట్యూషన్‌కి పంపుదామా?"

నాకు నవ్వు రాలేదు. బుడ్డిదానికి మూడేళ్ళు నిండబోతున్నాయి, ఒక్క మాట లేదు. అమ్మ అని కూడా అనలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. పుట్టినరోజు దాకా చూసి, అప్పటికీ మాట్లాడకపోతే పెద్ద ఆసుపత్రికి రాసిస్తానన్నాడు. నేను రోజూ దాని పెదవుల వంకే చూస్తూ బతుకుతున్నాను.

అయినా, మా ఆయన ఎగతాళిగా అన్నదే చేశాను. బుడ్డిదాన్ని తీసుకుని పిన్నిగారి పెరట్లోకి వెళ్ళడం మొదలుపెట్టాను. నాలుగు మాటలు చెవిన పడితే మంచిదే కదా. అది గింజల్లో చేతులు పెట్టి కూర్చునేది. గోరువంక అడిగినప్పుడల్లా తల ఎత్తి చూసేది.

ఒక పొద్దున పిన్నిగారు దారం తేవడానికి లోపలికి వెళ్ళారు. గిన్నె అడుగున కాస్త మిశ్రమం గడ్డకడుతోంది. పక్కన ఒక కప్పు ఖాళీగా ఉంది. ల్యాబులో పని చేసిన చెయ్యి ఊరుకోదు. అడుగంతా గీకి ఆ కప్పు నింపేసి, గిన్నె తుడిచి బోర్లించాను.

"ఏమోయ్, అయిందా?"

"అయిందండీ!" అన్నాను నవ్వుతూ.

దగ్గు వినిపించలేదు. పిచ్చుకల గోల కూడా ఆగిపోయింది. చెట్టు చెట్టంతా చెవులు రిక్కించినట్టు ఉంది. తర్వాత పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి వెళ్ళిపోయాయి.

పిన్నిగారు గడపలో దారం ఉండతో నిలబడి ఉన్నారు. "ఏమన్నావమ్మాయ్?"

"అయిందన్నాను, పిన్నిగారూ."

ఆవిడ బోర్లించిన గిన్నెను చూసి మెట్టు మీద కూలబడ్డారు. "ఆయన ఇక్కడే, ఈ కుర్చీలో కూర్చునేవారు. టీ కోసం రోజూ అదే అడగడం. ఇంకా కాలేదు అని నేను ఆయన్ని ఉడికించేదాన్ని. ఒక్కరోజు 'అయింది, తెస్తున్నా' అన్నాను. కప్పు తెచ్చి చూద్దును కదా, మనిషి లేరు. అప్పట్నుంచి ఏ పనైనా కాస్త మిగుల్చుతాను. ఆ చివరి కప్పు నేనెప్పుడూ నింపను, తల్లీ. పనయిపోతే ఆయనకిక అడగడానికేముంది?"

మర్నాటి నుంచి పిట్టలు రాలేదు. ముద్దలు దారాలకి అలాగే వేలాడుతున్నాయి, మంచు పట్టి తెల్లబడ్డాయి. పిన్నిగారు పొయ్యి వెలిగించడం మానేశారు. ఆయన కుర్చీ పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చెట్టు వంక చూస్తూ కూర్చునేవారు. తినమంటే, "పని లేనిదానికి తిండెందుకులే," అనేవారు. రోజురోజుకీ ఆవిడ ఒంటి మీద బట్టలు వదులవుతున్నాయి. ఎన్ని క్షమాపణలు చెప్పినా ఆవిడకి వినపడినట్టే లేదు.

ఒకరోజు జావ కాచి తీసుకెళ్ళాను. బుడ్డిది నా వేలు వదిలించుకుని ముందుకు నడిచి, ఆ ఖాళీ కుర్చీ ఎక్కి కూర్చుంది. కాళ్ళు నేలకి అందలేదు. పిన్నిగారి వైపు మెడ వాల్చి చూసింది.

"ఏమోయ్," అంది. "అయిందా?"

బొంగురు గొంతు. చివర చిన్న దగ్గు.

నా బిడ్డ మొదటి మాట అది. మూడేళ్ళుగా నేను ఎదురుచూసిన ఆ గొంతు విని, దాన్ని ఎత్తుకుని ముద్దాడాల్సింది పోయి, జావ గిన్నె గుండెలకి అదుముకుని ఒక అడుగు వెనక్కి వేశాను.

పిన్నిగారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. "ఇంకా కాలేదు," అన్నారు. "ఉండండి, ఇప్పుడేగా మొదలుపెడుతున్నా." లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించారు. కొవ్వు కరుగుతున్న వాసన పెరట్లోకి వచ్చింది.

పుట్టినరోజు వెళ్ళిపోయింది, పెద్ద ఆసుపత్రి అవసరం రాలేదు. బుడ్డిది ఇప్పుడు అమ్మ అంటుంది, నీళ్ళు అంటుంది, మా ఆయన్ని పేరు పెట్టి పిలుస్తుంది. అవన్నీ తన లేత గొంతుతోనే, ఆ ఒక్క ప్రశ్న తప్ప. డాక్టరు గొంతు పరీక్షించి ఏమీ లేదన్నాడు. పిన్నిగారు మళ్ళీ కప్పులు నింపుతున్నారు, ఒకటి తప్ప. గోరువంకలూ తిరిగొచ్చాయి. కిచకిచమంటూ ముద్దలు పొడుచుకు తింటాయి. మాట మాత్రం మాట్లాడవు.

కొన్ని పొద్దుల్లో నేను గిన్నెలు తోముతుంటే, నా వెనక గడపలో ఆ దగ్గు వినిపిస్తుంది. చేతిలో చివరి చెంచా ఉంటుంది. దాన్ని తొట్టిలోనే వదిలేస్తాను.

"ఇంకా కాలేదు," అంటాను, వెనక్కి తిరక్కుండా.