ఖాజా మియా మాస్కుకు కుట్టిన నాడా

2007. ఇబ్రహీంపట్నం చుట్టూ పొలాలు ప్లాట్లయిపోతున్న రోజులు. మాది గుంటూరు వైపు, హయత్‌నగర్‌లో స్థిరపడ్డాం. నేను ఇబ్రహీంపట్నంలో ఓ చిన్న ఆసుపత్రిలో నర్సుని. నోటి దురుసు నాకు మొదటినుంచీ ఉంది.

యాచారం దగ్గర దర్జీ పని చేసే ఖాజా మియాకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నిద్రలో గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగిపోయేది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. డాక్టరుగారు సీపాప్ రాశారు. మాస్కులోంచి గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మిషను అది. వాడకపోతే పగలంతా మగతే, చేతికి వ్యాయామం చేయలేడు. మళ్లీ పక్షవాతం వచ్చే భయమూ ఉంది.

నేనే మాస్కు బిగించి మిషను ఇంటికి పంపిన రెండు వారాల తర్వాత, ఓ మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. మిషను మీటరు పట్టుమని పది గంటల వాడకం కూడా చూపించలేదు. ఆయన భార్య రజియా బీ మీద విరుచుకుపడ్డాను.

"మాస్కు ఎందుకు తీసేస్తున్నారు? ఆయన బాగుపడాలని లేదా మీకు?"

"నేనేం జెయ్యాలె సిస్టర్? పెడ్తె గింజుకుంటడు, కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటడు. చూడలేక తీస్తున్న."

"ఏడిస్తే తీసేయడానికి చిన్నపిల్లాడా?" అన్నాను.

మంచం మీది ఖాజా మియా ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"దాన్ని అనకు బిడ్డా. కరెంటు పోతె మూతి మీద గదే ఉంటది. తీసే క్లిప్పు కుడిదిక్కున్నది. ఈ చెయ్యి లేవది. ఊపిరాడకుంటె నేనెట్ల తీసుకోవాలె?"

ఆ క్లిప్పు కుడివైపు బిగించింది నేనే. అందరికీ అలాగే బిగించడం అలవాటు. ఏ చెయ్యి పడిపోయిందో కేసు షీటులో రాసిందీ నేనే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మాస్కు పట్టీ తిప్పి క్లిప్పు ఎడమవైపుకు మార్చాను. ఒంటిచేత్తో నొక్కడం ఆయనకు కష్టమైంది. రజియా బీ లేచి, పైజామా నాడా ముక్క తెచ్చి, లాగగానే మాస్కు ఊడేలా పట్టీ అంచుకు కుట్టింది.

"గట్ల గాదు, తెగుతది. ఇంకో కుట్టు ఎయ్యి," అన్నాడు ఖాజా మియా. జబ్బు పడ్డాక ఆయన పని చెప్పడం అదే మొదలట. ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఇంకో కుట్టు వేసింది.

ఆయన నాడా నాలుగుసార్లు లాగి చూసుకున్నాడు. నాలుగుసార్లూ మాస్కు ఊడింది. "ఇగ పెట్టు," అన్నాడు.

కాసేపటికి నిద్రపట్టింది. రజియా బీ ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి గంటసేపు కదల్లేదు. "ఊపిరి ఆగుత లేదు సిస్టర్," అంది మెల్లగా. నేను ఆమె పక్కనే కూర్చుని, ఇందాక అన్న మాటలకు క్షమించమని అడిగాను.

ఆ రోజు నుంచి ఏ రోగికైనా మాస్కు తనంతట తాను తీసేసుకోవడం వచ్చాకే పెట్టుకోవడం నేర్పిస్తున్నాను.