మృదంగం తాతకి నా మొహం

పోయిన నెల శ్రీకాకుళంలో మా తాత విగ్రహానికి కొత్త తల పెట్టారు. అది నా తల. ఉత్తి నా తలే అయితే మీకు చెప్పుకునేవాణ్ణి కాదు. పన్ను పీకించుకున్న మర్నాటి తల.

మొదట్నుంచీ చెప్తాను, టీ తాగుతూ వినండి.

మా తాత మృదంగం మాస్టారు. ఆయన పోయిన చాలా ఏళ్లకి శిష్యుల పిల్లలు చందాలేసుకుని జంక్షన్లో సిమెంటు విగ్రహం పెట్టించారు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటోలో సరిగ్గా మొహం దగ్గరే చెదలు తినేశాయి. విగ్రహం చేసినాయన కాళ్లూ చేతులూ, ఒళ్లో మృదంగం అన్నీ చక్కగా చేశాడు. తల దగ్గరికి వచ్చేసరికి, ఎవరో నాయకుడి కోసం చేసి, ఆర్డర్ కేన్సిలై మిగిలిపోయిన తల ఉంటే అది అతికించేశాడు. గుబురు మీసం, కోపంగా చూపు, కింద మృదంగం. జనం ఆయనకి 'మృదంగం మినిస్టరు' అని పేరెట్టేశారు.

అక్కడ మొదలైంది గొడవ. తల మార్చాలని మావాళ్లు, అలవాటైపోయింది ఉంచమని జంక్షన్ వాళ్లు. ఆ నాయకుడి మనుషులైతే ఆయన పుట్టినరోజుకి వచ్చి మా తాతకి దండేసి, జిందాబాద్ కొట్టి వెళ్లిపోయేవారు. ఎన్నికల కోడ్ వస్తే నాయకుల విగ్రహాలకి ముసుగేస్తారు కదా, మా తాతకీ ఎవరో గుడ్డ చుట్టేశారు. ఓట్లయిపోయాక విప్పడం కూడా చాలా రోజులు మర్చిపోయారు.

మా అత్త, అంటే ఆయన కూతురు, అరసవల్లిలో ఉంటుంది. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే. ఆటో ఆ జంక్షన్ దాటుతుంటే మొహం ఇటు తిప్పేసుకునేది. "అది మా నాన్న కాదు. ఎవుడో ఓట్లడిగీవోడు" అనేది. తను పోయేలోగా ఆ దిమ్మ మీద నాన్న మొహం చూడాలని ఆవిడ ఆశ. ఆ ఒక్క దానికోసమే ఆవిడ కొడుకు, మా బావ, విగ్రహం కమిటీలో చేరి, అందరి గుమ్మాలూ తొక్కి చివరికి ఒప్పించాడు.

మరి మొహం ఎక్కణ్ణుంచి తేవాలి? అత్త నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ముక్కు, నుదురు నాన్నవే. ఈడ్ని సూసి సెయ్యమను" అంది. నేను విజయనగరంలో ఇన్సూరెన్స్ ఏజెంటుని. ఈ మొహం చూసి ఎవరూ పాలసీ కూడా కట్టరు. అలాంటిది విగ్రహం చేస్తామంటే వద్దంటానా?

తీరా కొత్త శిల్పి మా ఇంటికి వచ్చే ముందురోజు నాకు జ్ఞానదంతం పీకారు. తెల్లారేసరికి ఎడం బుగ్గ బూరెలా పొంగిపోయింది. నోట్లో దూది. టీచరైన మా ఆవిడ స్కూలుకి వెళ్లిపోయింది, నా బదులు మాట్లాడేవాళ్లు లేరు. శ్రీకాకుళంలో ఉన్న బావకి ఫోన్ చేసి, బుగ్గ వాచింది, వారం ఆగమని చెప్పబోయాను. నోట్లోంచి "మావా, ముగ్గ మాచింది, మారం ఆగు" అని వచ్చింది.

"ఏటి, శిల్పితో మాట్లాడీసినావా? మంచిదిరా, కానియ్" అని బావ పెట్టేశాడు.

ఈలోగా శిల్పి దిగాడు. నెమ్మదస్తుడు, ఎప్పుడూ నన్ను చూసినవాడు కాదు. ఫోన్‌తో చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. నేను వేలితో బుగ్గ చూపించి, ఇది వద్దు, వదిలెయ్యమని గట్టిగా చెయ్యి ఊపాను.

ఆయన చాలా శ్రద్ధగా చూశాడు. "అర్థమైంది సార్, వదలను" అన్నాడు.

నేను చివరి మాట సరిగ్గా వినలేదు. అర్థమైంది కదా అని నిశ్చింతగా పడుకున్నాను.

ఆవిష్కరణ రోజు జంక్షన్ నిండా జనం. అత్త ముందు కుర్చీలో కూర్చుంది. బావ తాడు లాగాడు, గుడ్డ జారింది. ముక్కు నాది, నుదురు నాది. ఎడం బుగ్గ డాక్టరుగారిది.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వెనకాల ఎవరో "మాస్టారికి పన్ను పోటేటి?" అన్నారు. బావ విగ్రహాన్ని చూసి, నా చదునైన బుగ్గని చూసి, "ఏటి సేసినావురా" అన్నాడు నీరసంగా. ఈ తల కోసం అందరి చుట్టూ తిరిగిన మనిషి.

అత్త లేచింది. నేను పరిగెత్తి చెయ్యి పట్టుకుని, "తప్పు నాదే అత్తా, ఆ రోజు నాకు..." అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. విగ్రహం దగ్గరికి వెళ్లి ఆ ఎడం బుగ్గ వైపు వేలు చూపించింది.

"కిళ్లీ" అంది.

"ఏటమ్మా?" అన్నాడు బావ.

"నాన్న బుగ్గలో ఎప్పుడూ కిళ్లీ ఉండీది. కచేరీకి కూకున్నా తీసీవోడు కాడు. మాయమ్మ తిట్టీది. నానే మర్సిపోనాను. ఈ బాబుకెలా తెలిసిందిరా?"

శిల్పి చేతులు జోడించాడు. "సారే చెప్పారమ్మా. అదొక్కటీ వదలొద్దన్నారు."

అత్త చీరచెంగుతో కళ్లొత్తుకుంది. విగ్రహం పాదాలు తడిమి, ఆ చేతులు కళ్లకద్దుకుంది. అప్పుడు మోగాయి చప్పట్లు. తల మార్చొద్దని తగువాడిన జంక్షన్ కిరాణా కొట్టు ఆయనే అందరికీ కూల్‌డ్రింకులు పంచాడు. నాకు శాలువా కప్పారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో బావ చెవిలో నిజం చెప్పేశాను. "పన్ను ఊసు మాయమ్మ దగ్గర ఎత్తినావంటే, మిగతావి నాను పీకేస్తాను" అన్నాడు.

మొన్న పని మీద శ్రీకాకుళం వెళ్లి, విగ్రహం కింద నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నాను. పక్కన కొత్తగా పెట్టిన టీకొట్టు ఆయన "మీకేటవుతారు సార్?" అని అడిగాడు. మనవణ్ణి అన్నాను, కాస్త ఛాతీ పొంగించి.

ఆయన పైకి చూశాడు, నన్ను చూశాడు. "నిజఁవా? ఒక్క పోలికా రానేదు సార్ మీకు."

నడిరోడ్డు మీద ఎడం బుగ్గలోకి గాలి పూరించి చూపిస్తే గానీ నమ్మలేదు.