సూర్యుడికి ముహూర్తం పెట్టిన శుక్రవారం

ఆ రోజుల్లో నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు, కోపం మాత్రం ఎప్పుడో పక్కా అయిపోయింది. కొత్తగూడ ఫ్లైఓవర్ కనిపించే ఐదో అంతస్తులో మా చిన్న కంపెనీ. సూర్యుడి మీద జ్వాల ఎగసేటప్పుడు అయస్కాంత క్షేత్రం ఎలా మెలితిరుగుతుందో, మండే ప్లాస్మా ఎటు, ఎంత వేగంతో పారుతుందో టెలిస్కోపు చిత్రాల నుంచి లెక్కగట్టే ప్రోగ్రామ్ రాశాను. నిజమైన జ్వాల ఒక్కటి దానికి చిక్కితే నా ప్రొబేషన్ ముగిసినట్టే. ప్రోగ్రామ్ సిద్ధమైంది ఒక శుక్రవారం. సూర్యుడి మీద మేం కనిపెట్టుకుని ఉన్న పెద్ద మచ్చ అప్పటికే అంచుకు చేరింది, మర్నాటికి అవతలికి తిరిగిపోతుంది. పైగా జ్వాల లేవకముందు నుంచే రికార్డింగ్ నడవాలి. లేచాక మొదలుపెడితే దండగ.

పదిన్నరకు మీట నొక్కబోతే మా మేనేజర్ (కాకినాడ మనిషి, ఫిజిక్సులో డాక్టరేటు కూడానూ) చెయ్యి అడ్డం పెట్టారు. "పన్నెండు దాకా ఆగండమ్మా. రాహుకాలం కదండీ."

"సార్, రాహువు మింగేది సూర్యుణ్ణే కదా. ఆయనే పని ఆపలేదు, మనమెందుకు ఆపాలి?"

"అదే అంటున్నా. ఆయనకే తప్పలేదు, మనమెంతండీ?"

పక్క సీటు అక్క (నల్లగండ్ల నుంచి వచ్చేది, ఆదివారం చర్చి మానదు) స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే అంది: "నాకైతే రాహుకాలం లేదు, ఏం లేదు. అయినా జర ఊకో. గంటన్నరల సూర్యుడు ఏడికి పోతడు?"

ఊరుకోలేదు. శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని రాజ్యాంగంతో మొదలుపెట్టి, సర్వర్‌కు కుంకుమ పెట్టి నిమ్మకాయ కోసిన మా ఆఫీసు చరిత్రంతా తవ్విపోశాను. ఉపగ్రహాల యుగంలో పంచాంగం చూసి కంప్యూటర్ ముట్టుకునే చదువు ఎందుకని నిలదీశాను. చివరికి సారే అలసిపోయారు. "పన్నెండు దాటింది. ఇక నొక్కండమ్మా."

అప్పుడు నొక్కితే ఆయన ముహూర్తానికి నేను సంతకం పెట్టినట్టు కాదూ? "నొక్కను సార్. పదిన్నరకూ ఇప్పటికీ సూర్యుడిలో ఏం మారిందో ముందు చెప్పండి." అలా ఇరవై నిమిషాలు.

"మారింది," అంది అక్క, తన స్క్రీన్ మీది సూర్యుడి లైవ్ చిత్రం చూపిస్తూ. "గిటు చూడు. మంట లేసింది."

గబగబా మీట నొక్కినా నా ప్రోగ్రామ్‌కు జ్వాల తోక మాత్రమే దక్కింది, నాకు ఇంకో మూడు నెలల ప్రొబేషన్. "రాహుకాలం దాటాకే లేచింది, చూశారా," అన్నారు సార్. అది కాకతాళీయమని ఆనాడూ అన్నాను, ఇవాళా అంటాను. రాహుకాలం శుద్ధ అబద్ధం, అందులో రాజీ లేదు. కానీ సూర్యుడు భగ్గున మండుతుంటే అటు వీపు పెట్టి, ఒక మనిషి చేత "ఒప్పుకున్నా" అనిపించాలని మొండిగా నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. తిట్టాలని మాత్రం అనిపించదు.