ఫ్రిజ్‌లో రెండు సీసాలు

1983 వేసవిలో న్యూయార్క్‌లో ఒక పాప్ సంగీత మాసపత్రికలో ఫ్యాక్ట్ చెకర్‌గా చేరాను. వ్యాసం అచ్చుకు వెళ్ళే ముందు, అందులో ఉన్నవాళ్ళకు ఫోన్ చేసి ఒక్కొక్క మాటా సరిచూడడం నా పని. నిజమని తేలిన మాట కింద ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టాలి. గీత పడని మాట అచ్చుకు వెళ్ళదు. వెక్కిరింత ఎంతైనా ఉండవచ్చు, తప్పు మాత్రం ఉండకూడదు.

ఆ వెక్కిరింతే మా పత్రికకు పేరు తెచ్చింది. గాయకులను పాటల గురించి కాక, చెత్తబుట్టలో ఏముంది, మేజోళ్ళు ఎన్ని జతలు అని అడిగేవాళ్ళం. 'ఫ్రిజ్ తెరవండి' శీర్షికలో ఆ నెల డోరీన్ వంతు. ఒక్క పాటతో దేశమంతా మోగి, తర్వాత మాయమైన గాయని. అప్పటికి న్యూజెర్సీలో స్కూల్ బస్ నడుపుతోంది. రచయిత ఆమె ఫ్రిజ్‌లో చూసినవన్నీ ఎగతాళిగా రాశాడు: సగం ఉల్లిపాయ, ఎండిపోయిన కేకు, ఏవో మందుల సీసాలు.

"ఏవో" అన్న మాటకు గీత ఎలా పెట్టను? కెమిస్ట్రీ చదివినవాణ్ణి, పైగా చాదస్తం. ఫోన్ చేసి ఏం మందులని అడిగాను. ఆమె అది రాయాలా అని అడిగింది. వివరం కచ్చితంగా ఉండాలి మేడమ్ అన్నాను. ఇన్సులిన్, రెండు సీసాలు అని చెప్పింది. "ఏవో" కొట్టేసి, ఆ మాట రాసి గీత పెట్టాను. ఎడిటర్ మెచ్చుకున్నాడు కూడా.

పత్రిక వచ్చాక మా ఆవిడ సరళ చదివింది. తను నర్సు.

"ఏమండీ, ఈ ఇన్సులిన్ సంగతి రైటర్ రాశాడా?"

"లేదు, నేనే కన్ఫర్మ్ చేసి యాడ్ చేశాను."

"ఆవిడ స్కూల్ బస్ డ్రైవ్ చేస్తుంది కదండీ. ఇది చూస్తే జాబ్‌లో ఉంచుతారా?"

మర్నాడే డోరీన్‌కు ఫోన్ చేశాను. అప్పటికే తీసేశారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చని, వాళ్ళకు బస్సు తాళాలు ఇవ్వబోమన్నారట. ఉద్యోగంతోపాటు ఆరోగ్య బీమా పోయింది, అంటే ఆ సీసాలు కొనుక్కునే దారీ పోయింది. సవరణ వేద్దామంటే వ్యాసంలో తప్పు లేదు. ప్రతి మాటా నిజం. నువ్వు అంత మర్యాదగా అడిగావు, అబద్ధం చెప్పలేకపోయాను అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ పనిలో ఇంకా తొమ్మిదేళ్ళు ఉన్నాను. అవతలి మనిషి "అది రాయాలా" అంటే, పెన్సిల్ పక్కన పెట్టి ఎందుకని అడగాలని నేర్చుకున్నాను. ఆ రోజు అడిగి ఉంటే "ఏవో" అన్న మాటే సరిపోయేది.