గుర్రం కంటిలో బెజ్జం

అగస్టా ట్రస్కాట్ గారు విమానం ఇంజన్ చెడిపోయి చనిపోయారని పేపర్లన్నీ రాశాయి. ఆ ఇంజన్‌ను మూడేళ్ళు చంటిపిల్లలా చూసుకున్నవాణ్ణి నేను, ఎజ్రా కోల్బర్న్‌ని. అది చెడలేదు. ఆవిడ ప్రాణం ఆవగింజంత బెజ్జం మీద ఆధారపడి ఉందని ఈ లోకంలో తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆవిడా నేనూ. మూడోవాడికి కూడా తెలిసి ఉండాల్సింది. తెలియకపోవడానికి కారణం నేనే.

ఆవిడ తండ్రి బ్రూక్లిన్‌లో సబ్బులు ఉడికించి కోటీశ్వరుడయ్యాడు. కూతురు ఆ వాసన వదిలించుకుని, రైల్వే కంపెనీలున్న కుటుంబానికి చెందిన హొరేస్ ట్రస్కాట్‌ను పెళ్ళాడి, లాంగ్ ఐలాండ్ ఉత్తరపు ఒడ్డున ఇరవై ఇద్దరు పనివాళ్ళున్న ఇంట్లో కాపురం పెట్టింది. గుర్రపుస్వారీలో ఆ చుట్టుపక్కల ఆవిడను మించినవాళ్ళు లేరు. ముప్పై అయిదో ఏట ఒక సంతలో ఎవడో దేశదిమ్మరి పైలట్ విమానంలో పది నిమిషాలు తిరిగి, దిగీదిగగానే ఆ విమానాన్నే అమ్ముతావా అని అడిగింది. విమానంతోపాటు దాన్ని మరమ్మతు చేసే నేనూ వచ్చాను.

ఎగరడం బాగానే వచ్చింది కానీ దిగడం మాత్రం చివరిదాకా రాలేదు. తోలుకోటు లోపల ముత్యాల హారం, జేబులో పిప్పరమెంట్లు. బండి నేల మీద కప్పలా గెంతి ఆగాక, కళ్ళద్దాలు పైకెత్తి నన్నే అడిగేది.

"ఎన్నిసార్లు గెంతానయ్యా?"

"మూడుసార్లమ్మా. నాలుగోది గెంతు కాదు, చక్రం ఏడ్చింది."

"నీ నోటికి తాళం లేదు కోల్బర్న్. ఇంకో ఇంట్లో అయితే ఈపాటికి నిన్ను తరిమేసేవాళ్ళు."

ఎందుకమ్మా మీకీ యాతన అని ఒకసారి అడిగాను. "కింద ఉంటే రోజుకి నాలుగుసార్లు బట్టలు మార్చుకోవాలి. పైన ఒక్క కోటు చాలు," అంది. నవ్వులాటకే అంది కానీ, ఆ కోటు వేసుకున్నప్పుడు తప్ప ఆవిడ ముఖంలో వెలుగు నేను చూడలేదు.

భర్తకు ఈ ఎగరడం గిట్టేది కాదు. మూడేళ్ళలో ఒక్కనాడూ మైదానంలో అడుగుపెట్టలేదు. అలాంటి మనిషి 1929 మే నెలలో, ఆవిడ పుట్టినరోజున, షెడ్డుకి నడిచి వచ్చి ఒక మఖ్మల్ పెట్టె చేతిలో పెట్టాడు. అందులో పెట్రోలు ట్యాంకుకి వెండి మూత. దాని మీద, ముసలిదై చనిపోయిన ఆవిడ ఆడగుర్రం తల చెక్కి ఉంది. ఆయన రెండు నిమిషాలు నిలబడి వెళ్ళిపోయాడు. ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నాళ్ళకి ఒప్పుకున్నాడు, చూశావా?" అంది.

నేను చూసింది వేరే. ఆ మూతకు బెజ్జం లేదు.

మాది పైనా కిందా రెక్కలున్న విమానం, ట్యాంకు పైరెక్కలో, పైలట్ లేచి చెయ్యి చాపితే అందే ఎత్తులో ఉంటుంది. పెట్రోలు తన బరువుకి తనే ఇంజన్‌లోకి దిగుతుంది. దిగినంత మేర పైనుంచి గాలి లోపలికి పోవాలి, అందుకే పాత ఇత్తడి మూతకు సన్నని బెజ్జం ఉండేది. కిరసనాయిలు డబ్బాకి ఒకే చిల్లు పెట్టి వంచి చూడండి, కాసేపు కారి ఆగిపోతుంది. ఇదీ అంతే. ఇరవై నిమిషాలో, ఇంకాస్త ఎక్కువో, ఆ తర్వాత నిండు ట్యాంకు కింద ఇంజన్ ఎండిపోతుంది. నగలు చేసేవాడికి ఇవన్నీ ఎవరు చెబుతారు?

"దీనికి చిల్లు పెట్టాలమ్మా. లేదా పాత మూతతోనే ఎగరండి."

"పాతది వద్దు. ఆయన ఇచ్చింది ఇది. చిల్లు పెట్టు, కానీ ఆయనకి కనబడకూడదు."

గుర్రం కంటి మధ్యలో పెట్టాను. నా చేతిపని నేనే పొగుడుకోకూడదు గానీ, చెబితే తప్ప ఎవరికీ కనిపించేది కాదు.

అయితే ఆ ఇంట్లో వెండి అన్నది బట్లర్ లాథమ్ రాజ్యం. ఇంగ్లండు నుంచి వచ్చినవాడు, ముప్పై ఏళ్ళ సేవ. శుక్రవారం వచ్చిందంటే ఇంట్లో చెంచా నుంచి దీపస్తంభం దాకా ప్రతి వెండి వస్తువూ అతని బల్ల మీదికి చేరాలి, తెల్లని పాలిష్ ముద్దతో రుద్దించుకోవాలి. వెండి మూత నూనె మరకల షెడ్డులో పడి ఉండడం ఇంటికే అప్రతిష్ఠ అన్నాడట. అప్పటినుంచి మూత గురువారం ఇంటికి పోయేది, శనివారం అమ్మగారి చేతిసంచిలో తిరిగి వచ్చేది.

నేను వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పనిలో చేరిన కొత్తలో నేను నూనె బూట్లతో వంటింటికి వెళితే, పదిమంది పనివాళ్ళ ముందు, "గ్యారేజీ వాళ్ళకి కావలసింది బయటికే పంపిస్తాం," అని తలుపు వేశాడు లాథమ్. ఆ తర్వాత అతనితో నేను మాట్లాడలేదు, నాతో అతనూ మాట్లాడలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నోళ్ళు మూడేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి.

జాగ్రత్తకని జేబులో సన్నని తీగ పెట్టుకుని, ప్రతిసారీ ఎగిరే ముందు మూత అడిగి తీసుకుని, కంటిలో తీగ దూర్చి చూసేవాణ్ణి. ఒక శనివారం తీగతోపాటు తెల్లని పాలిష్ ముద్ద ఊడివచ్చింది.

"దీన్ని రుద్దొద్దని లాథమ్‌కి చెప్పండమ్మా. ఎందుకో కూడా చెప్పండి."

"లాథమ్‌కి వెండి రుద్దొద్దని చెప్పడం కంటే తుఫానులో ఎగరడం తేలిక. నువ్వే చెప్పరాదూ?"

"నేనా?"

"ఇద్దరూ ఇద్దరే, కోడిపుంజులు," అని నవ్వేసింది. ఆవిడా చెప్పలేదు. నేను చెప్పానని ఆవిడ అనుకుని ఉండవచ్చు.

ఆగస్టులో మూడో శనివారం తూర్పు తీరంలోని న్యూపోర్ట్‌లో ఆవిడ ఆడపడుచు ఇంట విందు. హొరేస్ గారు ముందురోజే పడవలో వెళ్ళారు. భార్య విమానం దిగుతుంటే చూస్తానని మొట్టమొదటిసారి మాట ఇచ్చారట. ఆవిడ గంట ఆలస్యంగా వచ్చింది. నేను ప్రొపెల్లర్ దగ్గరికి వెళ్ళి తిరిగి చూసేసరికి మెట్టెక్కి మూత తనే బిగించేస్తోంది. గుర్రం జీను పట్టీ ఎక్కేవాళ్ళే బిగించుకోవాలని ఆవిడ చిన్నప్పుడు నేర్చిన అలవాటు.

"తీగ పెట్టి చూడాలమ్మా. దించండి ఒకసారి."

"వారం వారం చూస్తూనే ఉన్నావుగా. ఆయన ఒడ్డున నిలబడి ఉంటాడయ్యా. ఇవాళ ఆలస్యం చేశానంటే ఇక జన్మలో రాడు."

ఆ ముఖం చూసి ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు లేని పని, సరిగ్గా ఆ రోజే చేశాను. మొదటి తిప్పుకే ఇంజన్ అందుకుంది. ఆవిడ చెయ్యి ఊపి, జలసంధి మీదుగా తూర్పుకి వెళ్ళిపోయింది.

పది నిమిషాలకు ఇంటి కారొకటి వచ్చింది. లాథమ్ దిగాడు. చేతిలో టోపీ పెట్టె. తడిగడ్డిలో బూట్లు పెట్టకుండా రాతిబాట మీదే నిలబడ్డాడు.

"వెళ్ళిపోయారా? విందు టోపీ మరిచిపోయారు." పెట్టెను రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "నీతో ఒక మాట, కోల్బర్న్. ఆ మూత మీద గుర్రం కన్ను పొడిచింది నువ్వేనని నాకు తెలుసు. పనిముట్టేదో జారి ఉంటుంది. అమ్మగారి దగ్గర నీ పేరెత్తలేదులే. న్యూయార్క్ పంపించి పూడ్పించాను. నిన్ననే వచ్చింది. ఇప్పుడు భూతద్దం పెట్టి వెతికినా కనబడదు."

మూడేళ్ళలో అతను నాకు చేసిన ఒకే ఒక్క ఉపకారం అది. ఆ మాట అంటున్నప్పుడు సిగ్గుపడుతూ నవ్వాడు కూడా. నేను గడియారం చూశాను. ఆవిడ ఎగిరి పన్నెండు నిమిషాలు.

ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎక్కడా మబ్బు లేదు. ఆవిడకు కబురు చేరే దారీ లేదు. ఆఫీసులోకి పరుగెత్తి తూర్పు కొనన ఉన్న లైట్‌హౌస్‌కి ఫోను చేశాను. కాపలా ముసలాయన ఓపిగ్గా విన్నాడు.

"విమానం పడిందంటావా?"

"ఇంకా పడలేదు. పడుతుంది."

"పొద్దున్నే ఎంత తాగావు నాయనా?" అని ఫోను పెట్టేశాడు.

తిరిగి వచ్చేసరికి లాథమ్ అదే రాయి మీద ఉన్నాడు. నా ముఖం చూసి అతని నవ్వు పోయింది. ఇద్దరం తూర్పుకి తిరిగి నిలబడ్డాం. అక్కడ వినడానికి ఏమీ లేదు, అయినా విన్నాం. ఇరవై నిమిషాలైంది. ముప్పై అయింది. నేను ప్రార్థన మరిచిపోయి చాలా ఏళ్ళయింది, మాటలు గుర్తురాలేదు.

మధ్యాహ్నం ఆల్చిప్పలు పట్టేవాళ్ళు ఒడ్డు బురదలో విమానాన్ని చూశారు. నన్ను తీసుకువెళ్ళారు. ట్యాంకు ముప్పాతిక నిండి ఉంది. ఆవిడను సీటుకి కట్టి ఉంచే నడుము పట్టీ తీసి ఉంది. కుడిచేతి తొడుగు ఊడదీసి ఉంది. వెండి మూత సగం మర తిరిగి ఉంది. అంటే ఆవిడకు అర్థమైంది. పడిపోతున్న విమానంలో లేచి నిలబడి చెయ్యి చాపింది, ఇంకో సగం తిప్పడానికి టైము చాలలేదు. నేను ఆ బురదలో కూర్చుని ఏడ్చాను.

మూతకు బెజ్జం ఉండేదని, అది పూడిపోయే ఇంజన్ ఎండిపోయిందని ఆ రాత్రే ఇంటికి కబురు పంపాను. మర్నాడు న్యూపోర్ట్ నుంచి తిరిగి వచ్చిన హొరేస్ గారు మా ఇద్దరినీ తన గదికి పిలిపించారు. ఒక్కరోజులో పదేళ్ళు పైబడినట్టున్నారు. ఆయన అడగకముందే లాథమ్ చెప్పేశాడు.

"బెజ్జం పూడ్పించింది నేనేనండి."

ఆయన నా వైపు తిరిగారు. "అది ఎందుకుందో నువ్వితనికి ముందే చెప్పావా, కోల్బర్న్?"

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నేను పట్టుకోలేకపోయాను.

"చెప్పానండి," అన్నాను.

లాథమ్ నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది. యజమాని ఎదుట ఇంకొకరి మాట అబద్ధమనడం అతని ఉద్యోగంలో లేదు. మెల్లిగా తల వంచాడు.

"అవునండి. చెప్పాడు. నేనే మరిచిపోయాను."

"నా ఎదుట ఉండకు," అన్నారు హొరేస్ గారు. లాథమ్ చప్పుడు కాకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడాయన లేచి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వైనా నీ పని సరిగ్గా చేశావు," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.