కళ్ళకలక వేసవి

తడిసిన పసుపుగుడ్డకు ఒక వాసన ఉంటుంది, కాస్త మట్టిలా, కాస్త మందులా. గుడివాడలో నేనొక్కదాన్నే ఉంటున్న ఈ మూడో అంతస్తు ఇంట్లో, కుడికన్ను మసకబారి నీరు కారుతోందని, డాక్టరుగారు వద్దన్నా వినకుండా, పాత నేతచీర ముక్క పసుపునీళ్ళలో ముంచి బాల్కనీ తాడు మీద ఆరేశాను. గాలికి ఆ వాసన లోపలికి రాగానే దివిసీమలో మా ఊరి ఎండాకాలం గుర్తొచ్చి కూర్చుండిపోయాను.

మా ఇంట్లో పిల్లనంటే నేనొక్కదాన్నే. అమ్మకు పనితో సరి, నాయనమ్మకు పూజతో సరి. గవ్వలాట ఆడాలంటే ఒక పందెం కుడిచేత్తో, ఒక పందెం ఎడమచేత్తో వేసి, జాలిపడి ఎడమచేతిని గెలిపించేదాన్ని. ఆవకాయకు కారం దంచే ఘాటు, వేలితో పొడిస్తే ముఖమంతా చిమ్మే ముంజల నీళ్ళు, సందెవేళ ఉప్పుగాలి, ఇవన్నీ వచ్చాయంటే బందరు నుంచి పిన్ని కూతురు ఇందిర కూడా లడ్డూల డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చేస్తుందన్నమాట. ఏడాదంతా నేను బతికింది ఆ బస్సు కోసమే.

ఒక ఏడు మాత్రం దిగిన మర్నాడే ఇందిర కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి. కారం ఘాటు తగలకుండా దాన్ని వెనకగదిలో పడుకోబెట్టి, కళ్ళ మీద చల్లగా నందివర్ధనం పూలు పరిచి, తుడుచుకోవడానికి పసుపుగుడ్డ ఇచ్చారు. నన్ను ఆ గడప తొక్కనివ్వలేదు.

“దాని కళ్ళల్లోకి చూడమాకే, నీకూ అంటుకుద్ది,” అంది నాయనమ్మ.

నాకు ప్రాణం లేచొచ్చింది. అంటుకుంటే నన్నూ ఆ గదిలోనే పడేస్తారు కదా! మధ్యాహ్నం అమ్మ కునుకు తీయగానే వెనక కిటికీ కింద పీట వేసుకుని ఎక్కి, ఊచలు పట్టుకుని, ఇందిర కళ్ళల్లోకి రెప్పవేయకుండా చూసేదాన్ని.

పూలు పక్కకు నెట్టి అది పకపకా నవ్వింది. “ఏందే, నువ్వు నలుగురున్నావ్?”

“నలుగురా?”

“అవునే, నీళ్ళల్లో చెదిరినట్టు. ఇదిగో, రెప్ప ఆర్పానా, మళ్ళీ ఒక్కదానివే.”

“ఆర్పమాక!” అన్నాను.

ఆ సంతోషం ఎలా చెప్పను! దాని కంట్లో మళ్ళీ నీళ్ళు నిండేదాకా, పుసి అడ్డం పడేదాకా నిలబడి, “ఇప్పుడెంతమందిమే?” అని అడుగుతూనే ఉండేదాన్ని. కానీ పొద్దున్నే అద్దంలో చూసుకుంటే నా కళ్ళు మల్లెమొగ్గల్లా తెల్లగా ఉండేవి. కళ్ళకలక చూపుతో అంటుకోదని, చేతులతోనూ గుడ్డలతోనూ అంటుకుంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

కళ్ళు తేటపడగానే బాబాయి వచ్చి ఇందిరను తీసుకెళ్ళిపోయాడు. మేమిద్దరం ఒక్క ఆటైనా ఆడలేదు. బస్సు కదిలాక వెనకగదిలోకి వెళితే, కిటికీ ఊచకు దాని పసుపుగుడ్డ ఉతకకుండా వేలాడుతోంది. దాన్ని చెంప కింద పెట్టుకుని ఏడుస్తూ నిద్రపోయాను. ఒకటి రెండు రోజుల్లోనే, పొద్దున లేవబోతే రెప్పలు అంటుకుపోయి ఉన్నాయి.

కోరుకున్న జబ్బే, కోరుకున్న గదే. దీపం చుట్టూ రంగుల వలయం కట్టింది, కిటికీ ఊచలు ఒకదాని పక్కన ఒకటిగా పెరిగిపోయాయి. వాటి వెనక ఒక్కరొచ్చి నిలబడితే చాలు, నాకూ నలుగురయ్యేవారు. ఆ వేసవిలో ఆ కిటికీ దగ్గరకు ఎవరూ రాలేదు.

ఇప్పుడా ఇల్లూ లేదు, నందివర్ధనం చెట్టూ లేదు. ఆ మేరంతా రొయ్యల చెరువు. పోయినేడు బందరులో ఒక పెళ్ళిలో ఇందిర కనబడితే ఆ కబురెత్తాను. “కళ్ళకలకా? నాకా? ఎప్పుడే?” అంది, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

నా కుడికంట్లో శుక్లం మొదలైందట. వీధిదీపం నాలుగైదు దీపాలై కనిపిస్తోంది, అద్దంలో నా ముఖం పక్కన ఇంకో ముఖం మసగ్గా నిలబడుతోంది, ఎన్నిసార్లు రెప్ప ఆర్పినా పోవడం లేదు.

“ఆపరేషన్ చేయించేసుకోండమ్మా, అన్నీ మళ్ళీ ఒక్కటిగా కనిపిస్తాయి,” అన్నారు డాక్టరుగారు.

“చూద్దాం లెండి,” అని లేచి వచ్చేశాను. మళ్ళీ ఒక్కదాన్నే కావడానికి నాకేం తొందర?