కుళాయి కింద ఎర్రనీళ్ళు

మూడు రోజులుగా మా ఫ్లాట్ నిండా గుమ్మడికాయ వాసన. మొదటి రోజు అది పచ్చి వాసన, తడిమట్టికీ దోసకాయకీ మధ్య ఎక్కడో ఉండేది. రెండో రోజుకి తీపెక్కింది. ఈ వేళ అందులో పులుపు చేరింది. సింగపూర్ ఉక్కకి కోసిన కాయ ఎక్కువ నిలవదు. తలుపు పక్కన చెప్పుల స్టాండు మీద కూర్చున్న ఆ కాయకి హాలోవీన్ కోసం మా అమ్మాయి హాసిని గీసిచ్చిన గీతల మీదే రెండు కళ్ళు, ఒక నోరు కోశాం. ఇప్పుడా నోటి అంచులు లోపలికి ముడుచుకుపోయి పళ్ళూడిన ముసలిదాని నోరులా అయింది, కళ్ళ చుట్టూ తెల్లగా బూజు పట్టింది. హాసినికి ఏడేళ్ళు, చిన్నుకి ఇంకా నాలుగు నిండలేదు. ఇద్దరూ నిద్రపోతున్నారు. నేను అరగంటకోసారి లేచి చిన్ను నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ వచ్చి ఈ కాగితాల ముందు కూర్చుంటున్నాను. ఈ మూడో రోజు గడవాలి. మూడో రోజంటే నాకు ఎందుకింత భయమో చెప్పాలంటే, తణుకులో నా ఎనిమిదో ఏటి దాకా వెళ్ళాలి.

మేం అద్దెకున్న పెంకుటింట్లో వంటింటి అటక మీద ఎప్పుడూ రెండు మూడు గుమ్మడికాయలు గడ్డి చుట్టల మీద ఒదిగి ఉండేవి. తియ్య గుమ్మడికాయయితే ముక్కలు ములక్కాడలతో కలిసి దప్పళంలో ఉడికి, బెల్లమూ చింతపండూ పీల్చుకుని నాలుక మీద కరిగిపోయేవి. బూడిద గుమ్మడికాయయితే శీతాకాలం ఎండల్లో వడియాలకి పోయేది, మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, తురుముని గుడ్డలో మూటగట్టి రాత్రంతా రోటి బరువు కింద ఉంచి, పొద్దున్న మినప్పిండిలో కలిపి పాత చీర మీద పెట్టడానికి నన్నూ కూర్చోబెట్టేది. వేళ్ళ సందుల్లో ఆ పిండి ఆరిపోయి చర్మం బిగుసుకుపోవడం నాకిప్పటికీ గుర్తే. తురమడం ఆడవాళ్ళే, పిండి రుబ్బడం ఆడవాళ్ళే, వడియాలు పెట్టడం, కాకుల్ని తోలడం, డబ్బాకెత్తడం అన్నీ ఆడవాళ్ళే. కాయ మీద మొదటి కత్తి మాత్రం ఆడది పెట్టకూడదు.

"గుమ్మడికాయంటే ఇంటికి పెద్దకొడుకు లెక్కే. ఆడది కత్తెడితే కొడుకుని కోసినట్టు," అనేది మామ్మ.

నాన్న రైసు మిల్లులో గుమాస్తా, పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. కాబట్టి కాయ కొయ్యాల్సినప్పుడల్లా నా తమ్ముడు పండుని పిలిచేవారు. వాడికి ఐదేళ్ళు. కత్తిపీట ఎత్తు లేడు. మామ్మ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి చేతిని కత్తి పిడి మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి నొక్కేది. కాయ పెళుక్కున విచ్చుకునేది. "మా మారాజు కోశాడు," అని వాడి బుగ్గ పుణికి, గింజలకి అంటుకున్న మొదటి తియ్యటి ముక్క వాడి నోట్లోనే పెట్టేది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. వాడికి నాకన్నా మూడేళ్ళు తక్కువ, వాడికి జడ వెయ్యక్కర్లేదు, వడియాలు పెట్టక్కర్లేదు. కానీ ఇంటికి వచ్చే గుమ్మడికాయలన్నీ వాడి చేతి కోసమే కాసుకు కూర్చుంటాయి.

మా వీధి చివర బజారు. అమావాస్య నాడు దుకాణాల వాళ్ళు బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, గుమ్మానికి మూడుసార్లు దిష్టి తిప్పి రోడ్డు మీద వేసి కొట్టేవారు. మర్నాడు బడికి వెళ్ళే దారంతా తెల్లటి గుజ్జు, గుజ్జు మీద కుంకుమ, దాని చుట్టూ ముసిరే ఈగలు. ఆవులు కూడా వాసన చూసి వదిలేసేవి. ఆ ముక్కల్ని తొక్కకూడదు, దాటకూడదు, వేలెట్టి చూపించకూడదు. బజారు నుంచి పోయిన చెడంతా ఆ గుజ్జులో నానుతూ, పట్టుకోవడానికి ఒక కాలు కోసం చూస్తూ ఉంటుందని మామ్మ మాకు అన్నం కలిపినంత మామూలుగా చెప్పేది. పండు నా గౌను పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఆ ముక్కల పక్కనుంచి నడిచేవాడు.

ఒక అమావాస్య మర్నాడు బట్టల కొట్టు ముందు ముక్కలు ఎనిమిది పడి ఉన్నాయి, దాదాపు వరసలో. మేం ఆడే తొక్కుడుబిళ్ళకి గడులు కూడా ఎనిమిదే. ముందు రోజే ఇంట్లో వాడు కాయ కోశాడు; బుగ్గ పుణకడం, ముక్క పెట్టడం అన్నీ అయ్యాయి. నేను వాడి చెయ్యి విడిపించుకున్నాను.

"నువ్వు మొగాడివి కదా. నీకేం అవదులే. గెంతు," అన్నాను.

వాడు నా మొహం వంక చూశాడు. నేను నవ్వలేదు. వాడు ఒంటికాలి మీద గెంతాడు. ఏడో ముక్క దగ్గర జారి, మడమ గుజ్జులో కూరుకుపోయింది. నిక్కరుకి అంటకుండా కాలు పైకెత్తి పట్టుకుని నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు, ఏడవలేదు. నేను వాణ్ణి వీధి కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి రుద్ది రుద్ది కడిగాను. ఎర్రనీళ్ళు సిమెంటు పళ్ళెంలోంచి కాలవలోకి సన్నగా పారాయి. "మామ్మకి చెప్పావో, చంపేస్తాను," అన్నాను. వాడు తలూపాడు.

ఆ రాత్రే వాడికి ఒళ్ళు వెచ్చబడింది. రెండో రోజు వెలుతురు చూడలేకపోయాడు, కిటికీకి దుప్పటి కట్టారు. మూడో రోజు మధ్యాహ్నం మెడ బిగుసుకుని ఫిట్స్ వచ్చాయి. కబురందుకుని మిల్లు నుంచి వచ్చిన నాన్న సైకిలు వాకిట్లోనే పడేసి, వాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. ఆ రోజు పొద్దున్నే, ఫిట్స్ రాక ముందు, మామ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది. తిట్టలేదు, కోపంగా కూడా అనలేదు.

"ఎక్కడన్నా ఏదన్నా తొక్కాడేంటమ్మా? చెబితే తీసేస్తాను."

"ఏం లేదు మామ్మా," అన్నాను.

పండు నలభై రోజుల తర్వాత ఇంటికి వచ్చాడు. మెదడు పొరలకి జ్వరం పట్టిందని, ప్రాణం దక్కడమే గొప్పని డాక్టరు చెప్పారట. వెనకనుంచి పిలిస్తే పలకలేదు. వాడి పక్కన అమ్మ స్టీలు పళ్ళెం నేలకేసి కొట్టింది, వాడు అదే పనిగా గోలీలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో గుమ్మడికాయ కొనడం మానేశారు; ఎవరూ వద్దని చెప్పలేదు, అటక అలా ఖాళీగా ఉండిపోయింది. నేను మైక్రోబయాలజీ చదివాను. ఆ జ్వరం ఏ క్రిమి వల్ల వస్తుందో, అది కుంకుమలో ఉండదనీ, ముందు రోజుల్లోనే వాడి ఒంట్లో చేరి ఉంటుందనీ పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను. అయినా మామ్మ పోయేదాకా ఆమెతో ఒంటరిగా ఒక గదిలో కూర్చోలేకపోయాను.

ఇక్కడ సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో మా బ్లాకులో హాలోవీన్ చిన్నపిల్లల వ్యవహారం. ఇష్టమున్న వాళ్ళు తలుపుకి కాగితపు గుమ్మడికాయ అంటిస్తే, సాయంత్రం పిల్లలు వేషాలతో ఆ తలుపులే తట్టి చాక్లెట్లు తెచ్చుకుంటారు. దసరాకి పిల్లలు విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పప్పుబెల్లాలు తెచ్చుకునేవారని మామ్మ చెప్పిన సంగతే కదా, ఇందులో తప్పేముందని నాకు నేను చెప్పుకున్నాను. నిరుడు గృహప్రవేశానికి మా అత్తగారు కట్టిన నాలుక చాచిన దిష్టిబొమ్మని చూసి, అది కూడా హాలోవీన్ అలంకారమేననుకుని పిల్లలు మా తలుపు తట్టారు; ఇంట్లో చాక్లెట్లు లేక మరమరాల ఉండలు ఇచ్చాను. ఈసారి నిజం గుమ్మడికాయ కావాలని హాసిని పట్టుబట్టింది.

కాయ వంటింటి గట్టు మీద పెట్టి, కత్తి తీసుకుని నిలబడ్డాను. మా ఆయన ఆఫీసు పని మీద జకార్తాలో ఉన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళలో నేను గుమ్మడికాయ మీద మొదటి కత్తి పెట్టింది లేదు. చెయ్యి ముందుకి వెళ్ళలేదు. చివరికి చిన్నుని ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టి, వాడి చేతిని పిడి మీద పెట్టి, దాని మీద నా చెయ్యి వేసి నొక్కాను. కాయ పెళుక్కున విచ్చుకుంది.

"వై హిమ్?" అంది హాసిని, ఇక్కడి సింగపూర్ యాసలో. "నేను కదా అడిగింది. నాట్ ఫెయిర్ లా, అమ్మా."

"చిన్నపిల్లాడు కదా, సరదాకి," అన్నాను. అది గుమ్మంలో నిలబడి వాడి వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నేను ఎన్నిసార్లు అదే చోట నిలబడి అలా చూశానో నాకే తెలుసు. అయినా దెయ్యం టోపీ దాని తలకి పెట్టి, చిన్నుకి పులి తోక కట్టి, తమ్ముడి చెయ్యి వదలకని చెప్పి పంపించాను. మా అంతస్తు దాటి వెళ్ళొద్దన్నాను. తలుపు తెరిచిపెట్టి, లోపల పళ్ళెంలో చాక్లెట్లు సర్దుతూ, వాళ్ళ గొంతులు వినబడినంతసేపూ వింటూ ఉన్నాను.

ఉన్నట్టుండి గొంతులు ఆగిపోయాయి. నేను చెప్పులు వేసుకునేలోపు ఇద్దరూ గబగబా లోపలికి వచ్చి స్నానాలగదిలో దూరారు. వెళ్ళి చూస్తే హాసిని తమ్ముడి చేతులు కుళాయి కింద పెట్టి రుద్దుతోంది. నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి.

"ఏమైంది?"

"ఏం లేదమ్మా."

అది నా గొంతే. అదే మాట, అదే వేగం, తల కూడా అలాగే పక్కకి తిప్పుకుంది. చిన్ను చాక్లెట్లు పోగేసుకున్న బుల్లి బకెట్ నేను వంచితే, వాటి మధ్య ఒక కమలాపండు ఉంది, దాని మీద బూడిద. మా వరస చివరి ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే చైనీస్ ఆంటీ తలుపు పక్కన నేల మీద చిన్న ఎర్రటి దేవుడి గూడు ఉంటుంది. పళ్ళు, టీ, అగరొత్తులు పెడుతుంది. ఆ అగరొత్తుల పుల్లలకి వేసిన ఎర్రరంగే వాడి వేళ్ళకి అంటింది. చైనీస్ కేలండర్ ఏడో నెలలో రోడ్ల పక్కన వాళ్ళు ఆత్మలకి పెట్టిన పళ్ళనీ బూడిదనీ తొక్కకుండా నడవమని ఆ ఆంటీయే నా పిల్లలకి నేర్పింది.

నేను అరవలేదు. స్నానాలగది గుమ్మంలోనే కూర్చుని, ఇరవై ఆరేళ్ళలో మా అమ్మకి గానీ, మా ఆయనకి గానీ చెప్పని సంగతి నా ఏడేళ్ళ కూతురికి చెప్పాను. ఎనిమిది ముక్కలు, మడమ, కుళాయి, మామ్మ అడిగిన మాట, నేను చెప్పిన జవాబు. హాసిని చాలాసేపు కుళాయి కట్టెయ్యలేదు.

"మామయ్యకి వినబడనిది అందుకా?" అంది.

"కాదు. జ్వరం వల్ల."

"మరి నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

ఆ కమలాపండు తీసుకుని ముగ్గురం ఆంటీ ఇంటికి వెళ్ళాం. ఆమె ఇనుప గేటు తియ్యకుండానే కమలాపండునీ, చెదిరిన అగరొత్తుల్నీ, పులి తోకనీ చూసింది. "హూ ఆస్క్ హిమ్ టు టేక్?" అంది.

"ఐ ఆస్క్ హిమ్ టు టేక్, ఆంటీ," అంది హాసిని. నాకు ఇరవై ఆరేళ్ళు పట్టిన మాట దాని నోట ఒక్క క్షణంలో వచ్చేసింది. ఆంటీ గేటు తీసి, మూడు కొత్త అగరొత్తులు వెలిగించి గుచ్చి, లోపలి నుంచి ఇంకో కమలాపండు తెచ్చి దాని చేతిలో పెట్టింది. "దిస్ వన్ ఫర్ ఈటింగ్. దట్ వన్ నాట్ యువర్స్ లా," అంది. నవ్వలేదు. మేం తిరిగి వస్తుంటే ఆమె గేటు దగ్గరే నిలబడి చిన్ను వంకే చూస్తూ ఉంది.

ఆ రాత్రే చిన్నుకి ఒళ్ళు వెచ్చబడింది. మర్నాడు క్లినిక్‌లో డాక్టరు గొంతు చూసి, మామూలు వైరస్ అన్నారు. నేను మెడ వంచి చూడమని రెండుసార్లు అడిగాను. ఆయన వంచి చూపించారు, బాగానే వంగింది. అయినా ఇంటికి వచ్చి మళ్ళీ నేను వంచి చూశాను, దీపం వేసి కళ్ళు చిట్లిస్తున్నాడేమో చూశాను, వాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. వాడు ప్రతిసారీ తిరిగి నవ్వాడు. నేను ప్రతిసారీ మళ్ళీ కొట్టాను.

ఈ సాయంత్రం పిల్లలు పడుకోక ముందే పండుకి మెసేజ్ పెట్టాను. వాడిప్పుడు తణుకులోనే పెళ్ళికార్డులు డిజైన్ చేస్తాడు. మాటలకన్నా అక్షరాలే వాడికి దగ్గర. ఆ రోజు నేనే గెంతమన్నాననీ, అడిగినప్పుడు అబద్ధం చెప్పాననీ రాశాను. వాడు చదివినట్టు కనబడింది. తర్వాత జవాబు వచ్చింది.

"తెలుసక్కా, అక్కడ ఉన్నది నేనే కదా. ఎడమ కాలు. నువ్వు కుళాయి తిప్పితే ముందు గాలి బుసబుసమంది, తర్వాత నీళ్ళు దబదబా పడ్డాయి. నాకు గుర్తున్న చప్పుళ్ళు కొన్నే. అందులో అదొకటి. చిన్నుకి ఎలా ఉంది?"

ఆ బజార్లో ఇప్పుడు వీధి కుళాయి లేదు. అటకలున్న వంటిళ్ళు లేవు, మామ్మ లేదు, చీర మీద ఆరే వడియాలు లేవు. ఇన్నేళ్ళూ నేను ఆ ఎర్రనీళ్ళనే చూస్తూ వచ్చాను. కుళాయి చప్పుడు ఎంత గుర్తుచేసుకున్నా నాకు రావడం లేదు. అది వాడి దగ్గరే ఉండిపోయింది.

పొద్దున్నే ఆ కుళ్ళిన కాయని ముక్కలు చేసి వంటింటి గోడలోని చెత్తగొట్టంలో వెయ్యాలి. మొదటి కత్తి హాసినిది. ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చాను, చిన్ను నుదురు చల్లగానే ఉంది. పన్నెండు కావడానికి ఇంకా నలభై నిమిషాలున్నాయి.